క్రొత్త తీగ లేకయే మేల్కొను శబ్దయంత్రములు

పూర్వము ఇంట పాట వినవలెనన్న రేడియో పెట్టె యొక్కటి చాలెడిది. దాని ముఖముననున్న గుండీని త్రిప్పిన మేల్కొనెడిది. మరల త్రిప్పిన నిద్రించెడిది. ఇప్పుడు అనేక గృహములలో ఆ పని మూడు నాలుగు పెట్టెల నడుమ పంచబడియున్నది. బొమ్మను చూపునది టీవీ. ధ్వనిని బలపఱచునది ఆంప్లిఫయరు. మంద్రస్వరములను పలికించునది మూలనుంచిన ఊఫరు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క స్విచ్చి. టీవీని ఆర్పువారు కలరు గాని, కుర్చీల వెనుకనున్న ఊఫరును ఆర్పుటకై వంగువారు అరుదు. వినువారెవ్వరును లేకున్నను అది రాత్రియంతయు వెచ్చగా మేల్కొనియే యుండును.

ఒకటి మేల్కొనగనే తక్కినవియు మేల్కొని, అది నిద్రింపగనే తక్కినవియు నిద్రించునట్లు చేయవచ్చునా? అందుకై గోడల వెంబడి క్రొత్త తీగలు లాగకయే చేయవచ్చునా? ఇవి యీ పాఠమున విచారింపదగిన ప్రశ్నలు. చేయవచ్చును. ఎట్లు చేయవచ్చునో, ఎప్పుడది లాభమో, ఎప్పుడు నష్టమో క్రమముగా తెలిసికొందము.

1. వ్యర్థమగు శక్తి యెంత?

మొదట లెక్క చూతము. ఒక ఆంప్లిఫయరు పాట లేని వేళ ఊరక వెలుగుచు 40 వాట్టులు గైకొనుచున్నదనుకొనుడు. దినమునకు 4 గంటలు మాత్రమే దానితో మనకు పని. తక్కిన 20 గంటలును ఆర్పక విడిచినచో దినమునకు 800 వాట్టు-గంటలు, అనగా 0.8 యూనిట్టు వ్యర్థమగును. దీనిని 365 చేత గుణించినచో సంవత్సరమునకు 292 యూనిట్లు. ఇది ఒక్క పెట్టె మాట.

పూర్తిగా వెలుగక, నిద్రావస్థలోనున్న యంత్రము సైతము కొంత శక్తిని తినును. రిమోటు మీట నొక్కగనే మేల్కొనవలెనన్న, దానిలోపల నొక చిన్న భాగము సర్వకాలమును చెవియొగ్గి యుండవలెను గదా! ఈ నిద్రావ్యయము ఒక ఇంట స్వల్పమే యైనను, కోట్ల యిండ్లలో కూడినపుడు కొండయగును. కావుననే 1999వ సంవత్సరమున అంతర్జాతీయ ఇంధన సంస్థ, ప్రతి పరికరమును నిద్రలో 1 వాట్టుకు మించి గైకొనరాదను లక్ష్యమును లోకము ముందుంచెను. ఐరోపా సమాఖ్య 2008లో నిబంధన చేసి, 2010 నుండి సాధారణముగా 1 వాట్టును, 2013 నుండి సగము వాట్టును హద్దుగా నియమించెను. అంతకుముందు తయారైన పాత యంత్రములు ఈ హద్దులను ఎఱుగవు. అట్టివి నేటికిని అనేక గృహములలో చక్కగా పాడుచునే యున్నవి.

2. క్రొత్త తీగను ఏల వలదందుము?

ఒక పెట్టె మఱియొక దానిని మేల్కొలుపుటకు సుగమమైన యుపాయము, రెంటి నడుమ ప్రత్యేకముగా నొక సన్నని తీగ వేయుట. విలువగల ఆంప్లిఫయరులు కొన్నింటి వీపున ఇట్టి చిన్న రంధ్రముండును. మొదటి పెట్టె మేల్కొనగనే ఆ తీగలో 12 వోల్టులు ప్రవహించును. రెండవది దానిని చూచి మేల్కొనును. మార్గము నమ్మకమైనదే. కాని రెండు పెట్టెలకును అట్టి రంధ్రములుండవలెను. సామాన్యమైన టీవీలకు అవి యుండవు. ఊఫరు గది యావలి మూలనున్నచో తీగ నడకదారికి అడ్డుపడును. అద్దె యింటిలో గోడలు త్రవ్వుటకు యజమాని యొప్పుకొనడు.

ఐనను చక్కగా ఆలోచించి చూడుడు. ప్రతి పెట్టెకును ముందే కొన్ని తీగలున్నవి. విద్యుత్తును తెచ్చు తీగ యొకటి. ధ్వనిని తెచ్చు తీగ యొకటి. బొమ్మను ధ్వనిని కలిపి తెచ్చు తీగ మఱియొకటి. ఈ మూడింటిలోను, "పెద్దది మేల్కొన్నది" అను వార్త ఏదో యొక రూపమున ప్రవహించుచునే యున్నది. ఆ వార్తను చదువగలవాడు దొరికినచో క్రొత్త దూతతో పనిలేదు.

3. చిన్న బలముతో పెద్ద తలుపు

వార్త చదువుట యొక పని. దానిని బట్టి 230 వోల్టుల విద్యుత్తును విడుచుటయో ఆపుటయో వేఱొక పని. వార్త తెచ్చు ప్రవాహము మిక్కిలి దుర్బలము. ఈ రెంటిని కలుపునది రిలే యను సాధనము. రిలే యనగా అంచె. పూర్వము దూరప్రయాణమున నొక గుఱ్ఱము అలసినపుడు మజిలీలో వేఱొక గుఱ్ఱము సిద్ధముగా నుండెడిది. అట్టి అంచె గుఱ్ఱములకును ఆంగ్లమున ఇదే పేరు. అట్లే బలహీనమైన ప్రవాహము తన పనిని బలమైన ప్రవాహమునకు అప్పగించును.

1820లో డెన్మార్కు దేశీయుడగు అయిర్‌స్టెడ్, విద్యుత్తు ప్రవహించు తీగ చెంత దిక్సూచి ముల్లు కదలునని కనుగొనెను. అమెరికా దేశీయుడగు జోసెఫ్ హెన్రీ 1835 ప్రాంతమున ఆ సూత్రమును రిలేగా ఉపయోగించెను. ఇనుప కడ్డీకి చుట్టిన తీగలో స్వల్పప్రవాహము పోయినచో కడ్డీ అయస్కాంతమగును; ఎదుటనున్న ఇనుప రేకును లాగును; రేకు కదలి రెండు లోహపు మొనలను కలుపును. పెద్ద విద్యుత్తు ఆ మొనల గుండ పాఱును. యంత్రము మేల్కొనునపుడు లోపల "టిక్కు"మని వినబడు శబ్దము తఱచు ఈ రేకుదే.

4. విద్యుత్తు తీగ చెప్పు వార్త

ఇక మొదటి మార్గము. 100 వాట్టుల టీవీ 230 వోల్టులలో వెలుగునపుడు ఉజ్జాయింపుగా 0.43 ఆంపియరు గైకొనును. అదే టీవీ నిద్రలో సగము వాట్టు మాత్రమే గైకొనినచో ప్రవాహము 0.002 ఆంపియరునకు దిగును. రెంటికిని రెండువందల రెట్లు భేదము! ఇంత భేదమును గుర్తించుట కష్టము కాదు. తీగను ఇనుప వలయము గుండ దూర్చి, ఆ వలయమునకు వేఱొక సన్నని తీగను చుట్టినచో, 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణసూత్రమును బట్టి, మొదటి తీగలోని ప్రవాహమునకు తగినట్లు రెండవ దానిలోను విద్యుత్తు పుట్టును. అది రిలేను కదల్చును.

ఇట్టి యేర్పాటు గల సాకెట్టు పలకలు బజారున దొరకును. వాటిలో నొక సాకెట్టు పెద్దది, తక్కినవి దానికి లోబడినవి. పెద్ద దానిలో టీవీని, లోబడిన వాటిలో ఆంప్లిఫయరును ఊఫరును పెట్టవలెను. టీవీ మేల్కొనిన అవి మేల్కొనును. నిద్రించిన వాటికి విద్యుత్తు పూర్తిగా ఆగిపోవును. పరికరములు ఎంత పాతవైనను పనిచేయుట దీని గొప్ప గుణము.

దీనికి దోషములును కలవు. కొన్ని టీవీలు నడిరాత్రి తమంతట మేల్కొని తమ లోపలి కార్యక్రమములను సవరించుకొనును; అప్పుడు ఊఫరును వాటితోకూడ లేచి కూర్చుండును. దీపముతో పనిచేయు ప్రొజెక్టరును లోబడిన సాకెట్టులో పెట్టరాదు. దీపమారిన తరువాతను దాని పంకా కొంతసేపు తిరిగి వేడిని తీయవలెను. విద్యుత్తు తటాలున ఆగినచో దీపమునకు చేటు.

5. ధ్వని తీగ చెప్పు వార్త

రెండవ మార్గమున యంత్రము తనకు వచ్చు ధ్వనినే కనిపెట్టియుండును. అనేకములగు ఊఫరుల వీపున "ఆటో" అని వ్రాసియుండు స్విచ్చి యిదియే. సామాన్య గృహపరికరముల నడుమ ధ్వని తీగలో నుండు వోల్టేజి సుమారు మూడింట నొక వంతు వోల్టు. దానిలో స్వల్పాంశము వచ్చినను పట్టుకొని, పెంచి, డయోడు ద్వారా ఒకే దిక్కునకు మలచి, కెపాసిటరు అను చిన్న విద్యుత్పాత్రలో నింపుదురు. పాత్ర నియమిత మట్టమునకు నిండగనే రిలే మూసుకొనును. పాట ఆగినపుడు పాత్ర మెల్లగా కారి ఖాళీయగును, రిలే తెఱచుకొనును.

ఇందు రెండు వివేకములు కావలెను. ఒకటి హద్దు: ఎంత ధ్వనిని ధ్వనిగా ఎంచవలెను? హద్దు మిక్కిలి తక్కువైనచో తీగలో దూరు 50 ఆవృత్తుల గృహవిద్యుత్తు ఝంకారమే పాటయని భ్రమించి యంత్రము ఎన్నడును నిద్రింపదు. ఎక్కువైనచో పెద్దలు రాత్రివేళ సన్నగా పెట్టుకొనిన కీర్తన దానికి వినబడక, నడుమ నిద్రపోవును. ఇట్లు జరిగినచో టీవీ లేక రేడియో ధ్వనిని కొంచెము హెచ్చించి, ఊఫరు ధ్వనిని అంతమేర తగ్గింపవలెను. వినువారికి ధ్వని మునుపటియంతే. తీగలోని సంకేతము మాత్రము బలమగును.

రెండవది ఓర్పు. రాగాలాపనలో గాయకుడు క్షణము మౌనము వహించినంతనే యంత్రము నిద్రపోరాదు. అందుచేత ధ్వని ఆగిన పిమ్మట కొన్ని నిమిషములు వేచియుండునట్లు ఏర్పఱతురు. 100 మైక్రోఫారడుల కెపాసిటరును 10 లక్షల ఓముల నిరోధము ద్వారా కార్చినచో, 100 సెకనులలో దాని వోల్టేజి నూటికి ఇంచుమించు 37 వంతులకు దిగును. నిరోధమునో కెపాసిటరునో పెంచిన కొలది ఓర్పు హెచ్చును. నేటి యంత్రములలో ఈ పనిని తఱచు లెక్కపెట్టు చిప్పే చేయుచున్నది.

ఓర్పు ఎంతయున్నను, ఈ పద్ధతిలో నొక చిన్న లోపము నిలిచియుండును. ధ్వని విన్న పిమ్మటనే యంత్రము మేల్కొనును గావున, మొదటి మాటయో మొదటి స్వరమో చెవికి అందక పోవచ్చును.

6. బొమ్మ తీగ చెప్పు వార్త

మూడవ మార్గము అన్నిటికంటె తెలివైనది. 2002లో వెలువడిన హెచ్.డి.ఎం.ఐ. యను తీగలో 19 మొనలు కలవు. వాటిలో 13వది బొమ్మకును ధ్వనికిని సంబంధింపక, పరికరములు తమలో తాము మాటలాడుకొనుటకై విడువబడినది. టీవీకి 0, ధ్వనియంత్రమునకు 5 అని సంఖ్యలుండును. అందఱిని ఉద్దేశించి చెప్పు మాటకు 15 అను సంఖ్య వాడుదురు. టీవీని ఆర్పగనే అది 15కు "నిద్రింపుడు" అను ఆజ్ఞ పంపవచ్చును. ఆజ్ఞలోని యొక్కొక్క గుర్తునకు 2.4 మిల్లీసెకనులు పట్టును. ప్రారంభసూచకమునకు 4.5, ఆపై 20 గుర్తులకు 48, మొత్తము 52.5 మిల్లీసెకనులు. ఱెప్పపాటుకంటె ముందే ఊరంతయు దండోరా వినినట్లగును.

2009 నుండి ఇదే తీగలో టీవీ ధ్వని వెనుకకు ఆంప్లిఫయరునకు పోవు సౌకర్యమును వచ్చెను. కావున ఒకే తీగ ధ్వనిని మోయును, మేల్కొలుపును, నిద్రపుచ్చును. చిక్కేమనగా, ఈ గుణమును ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క పేరుతో పిలుచును: సామ్‌సంగ్ వారు ఎనీనెట్ ప్లస్ అనియు, సోనీ వారు బ్రావియా సింక్ అనియు, ఎల్జీ వారు సింప్‌లింక్ అనియు పేరిడిరి. టీవీ అమరికల పట్టికలో ఆ పేరును వెదకి, అది ఆర్పబడియున్నచో వెలిగింపవలెను. హెచ్.డి.ఎం.ఐ. రంధ్రము లేని పాత ఆంప్లిఫయరునకు ఈ మార్గము పనికిరాదు.

7. గోడలోని తీగయే దూతయైన విధము

ఇంటి గోడలలోని విద్యుత్తు తీగలచేతనే వార్త మోయించిన వారును కలరు. స్కాట్లాండులోని గ్లెన్‌రోథెస్ పట్టణమున పికో ఎలక్ట్రానిక్స్ అను సంస్థ 1975లో ఎక్స్-10 అను పద్ధతిని కల్పించెను. గృహవిద్యుత్తు అటునిటు ఊగుచు, ప్రతి ఊపు నడుమను క్షణకాలము శూన్యమగును. సరిగా ఆ శూన్యవేళ 1,20,000 ఆవృత్తుల సన్నని స్పందనమును తీగలోనికి విడుతురు. అది యున్నచో ఒక అర్థము, లేకున్న వేఱొక అర్థము. ఒక గదిలో నొక్కిన మీట వేఱొక గదిలోని ప్లగ్గును మేల్కొలుపును. అమెరికాలో దీపములకును పాట పెట్టెలకును ఇది విరివిగా వాడబడెను. ఐతే మోటారుల అలజడిలో సంకేతము మునిగిపోవుట దీనికి సహజమైన దోషము.

8. మేల్కొను క్రమము

శబ్దయంత్రములకొక మర్యాద కలదు. మేల్కొలుపునపుడు పాట పంపునది ముందు, ఆంప్లిఫయరు వెనుక. నిద్రపుచ్చునపుడు ఆంప్లిఫయరు ముందు, పాట పంపునది వెనుక. ఏలయన, ఏ పరికరమైనను మేల్కొను క్షణమున లోపలి కెపాసిటరులు నిండుచుండగా దాని వోల్టేజి ఒక్కసారి ఊగును. అప్పటికే ఆంప్లిఫయరు మేల్కొనియున్నచో ఆ యూపును పెంచి స్పీకరు మీదికి నెట్టును. అదియే మనము విను "ధబ్బు". ఇది పలుమారులు గట్టిగా జరిగినచో స్పీకరునకు హాని. మంచి ఆంప్లిఫయరులలో స్పీకరును కొన్ని సెకనులు ఆలస్యముగా కలుపు రిలే యుండును.

కరెంటు పోయి వచ్చినపుడు ఈ విషయము మఱింత ముఖ్యము. ఇంటిలోని పరికరములన్నియు ఒక్కమారుగా మేల్కొనినచో, పెద్ద ట్రాన్సుఫార్మరులు ఆ తొలిక్షణమున తమ వాడుకకు అనేక రెట్లు ప్రవాహమును లాగును. సామాన్యపు రిలే కరెంటు పోగనే తెఱచుకొనును. కరెంటు వచ్చినను, మరల వార్త వచ్చువఱకు మూసుకొనదు. ఈ జాగ్రత్త మన ప్రాంతమునకు మిక్కిలి ఉపయుక్తము.

9. కావలివాని జీతము

ఇంతవఱకు చెప్పిన ప్రతి మార్గములోను, ఇతరులు నిద్రించుటకై ఒకడు మేల్కొనియుండవలెను. వాని జీతమెంత? మొదటి లెక్కలోని 40 వాట్టుల ఆంప్లిఫయరునకు సగము వాట్టు తిను కావలివానిని పెట్టినచో, దినమునకు 24 గంటల చొప్పున వాడు సంవత్సరమునకు 4.38 యూనిట్లు తినును, మిగిల్చునది 292. గొప్ప లాభము.

నిద్రలో 1 వాట్టు మాత్రమే గైకొను క్రొత్త స్పీకరులకు, తానే 1 వాట్టు తిను సాకెట్టు పలకను పెట్టితిమనుకొనుడు. స్పీకరులు 20 గంటల నిద్రలో సంవత్సరమునకు 7.3 యూనిట్లు తినెడివి. పలక 24 గంటలలో 8.76 యూనిట్లు తినును. అనగా ఆదా చేయుటకై కొన్న వస్తువే 1.46 యూనిట్లు అదనముగా ఖర్చుచేయుచున్నది! కావున ఏ యేర్పాటునైనను కొనకముందు, "నీవు నాకు మిగిల్చునదెంత? నీవు తినునదెంత?" అని రెండు ప్రశ్నలు వేయవలెను. పాత, వెచ్చని, ఊరక వెలుగు యంత్రములకు కావలివాడు లాభము. క్రొత్తవాటికి వాటిలోపలి యేర్పాటే చాలును.

అమెరికా మొదలగు దేశములలో చాల సాకెట్లకు స్విచ్చి యుండదు. మన గృహములలోనో ప్రతి సాకెట్టు ప్రక్కను స్విచ్చి యుండుట వాడుక. అది జీతములేని కావలివాడు. చేతికందు చోటనున్నచో, పరుండబోవునపుడు దానిని ఆర్పు అలవాటునకు మించిన యంత్రము లేదు. చేతికందని మూలలకును, వంగలేని వృద్ధులకును, మఱచు స్వభావముగల మనకును మాత్రమే పై యుపాయములు.

హెచ్చరిక

230 వోల్టులు ప్రాణము తీయగలవు. విద్యార్థులు సాకెట్టు పలకలను గాని ఆంప్లిఫయరులను గాని విప్పరాదు. కెపాసిటరులలో ప్లగ్గు తీసిన పిమ్మటను విద్యుత్తు నిలిచియుండును. రిలే, కెపాసిటరు, చిన్న దీపము వీనితో ప్రయోగము చేయగోరువారు 9 వోల్టుల బ్యాటరీతో, ఉపాధ్యాయుని యెదుట చేయవలెను. 6 ఆంపియరుల సాకెట్టు మోయగలది 1,380 వాట్టులు మాత్రమే యని తల్లిదండ్రులును గమనింపవలెను.

అభ్యాసము

1. ఒక ఊఫరు పాట లేని వేళ 12 వాట్టులు గైకొనును. దినమునకు 20 గంటలు వ్యర్థముగా వెలిగినచో సంవత్సరమునకు ఎన్ని యూనిట్లు?

2. దానికి 0.8 వాట్టు తిను సాకెట్టు పలకను పెట్టినచో నికరముగా మిగులునదెంత?

3. ధ్వనిని కనిపెట్టు యంత్రము పాట లేకున్నను నిద్రింపకున్నచో, ఏ రెండు కారణములను మొదట పరిశీలింతురు?

4. మీ యింటిలో రాత్రి పది గంటల తరువాత ఎఱ్ఱని చిన్న దీపములు ఎన్ని వెలుగుచున్నవో లెక్కించి, వాటిలో నిజముగా మేల్కొనియుండవలసినవి ఎన్నియో వ్రాయుడు.